మోషే చేసిన సర్పమునకు ధూపము
(శతవార్షిక ఉత్సవ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము విగ్రహారాధన, దేవునియెడల నమ్మకత్వము. కాగితము చేతికి వచ్చినప్పుడు ఇది సులువైన అంశమే అనుకొంటిని. మన పెద్దలు ఏమేమి విడిచి వచ్చిరో వరుసగా చెప్పి, స్తోత్రము చెల్లించి కూర్చుండవచ్చునని తలంచితిని. విగ్రహము అను మాట వినగానే మన చూపుడు వ్రేలు ప్రక్క వీధివైపు తిరుగును గదా. అయితే బైబిలు తెరచి ఒక్కొక్క చోటు చూచుకొనుచు పోగా ఆ వ్రేలు నిలువలేదు. యిర్మీయా గాని హోషేయ గాని యెహెజ్కేలు గాని ఈ మాట ఎత్తినప్పుడు చాలవరకు ఎవరితో మాటలాడుచున్నారు? దేవుని ఇంటివారితోనే. ప్రక్క వీధివారు మన పొరుగువారు. మన పెండ్లికి వచ్చి భోజనము చేయువారు, మన ఇంట చావు జరిగినప్పుడు పాడెకు భుజము పట్టువారు. వారినిగూర్చి తీర్పు చెప్పుట ఈ సాయంకాలము నా పని కాదు. మన ఇంటి సంగతి చూచుకొందము.

రాజుల రెండవ గ్రంథము పదునెనిమిదవ అధ్యాయము నాలుగవ వచనము మీరు ఇంటికి వెళ్లిన తరువాత చదువుకొనుడి. హిజ్కియా రాజు యూదాలో ఉన్నత స్థలములను తీసివేసెను, స్తంభములను పగులగొట్టించెను, అషేరాను నరికించెను. ఇంతవరకు మనము తలయూపుచు వినెదము. అవి పరాయివి, తీసివేయవలసినవే. ఆ తరువాతి మాట దగ్గర మన తల ఆగిపోవలెను. మోషే చేసిన ఇత్తడి సర్పమును కూడ ఆయన ముక్కలు చేసెను. ఎందుకనగా ఆ దినములవరకు ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయుచు ఉండిరి.

మోషే చేసినది! కనానీయులు చేసినది కాదు, బబులోనునుండి కొని తెచ్చినది కాదు. సంఖ్యాకాండము ఇరువది యొకటవ అధ్యాయములో దాని పుట్టుక ఉన్నది. జనులు ఎదోము దేశమును చుట్టి ఎఱ్ఱసముద్రపు దారిన పోవుచు విసుగుకొనిరి, సణిగిరి, మన్నాను తక్కువచేసి మాటలాడిరి. పాములు కరచెను, అనేకులు చచ్చిరి. అప్పుడు సర్పమును చేసి స్తంభముమీద పెట్టుమని చెప్పినవాడు దేవుడే. చూచినవారు బ్రదికిరి. దేవుడు చెప్పగా, మోషే చేయగా, జనులను బ్రదికించిన వస్తువు అది. ఇంతకంటె మంచి పుట్టుక దేనికి ఉండగలదు?

ఆ ప్రాంతమందు రాగి గనులుండెను. తిమ్నా లోయలో 1969లో త్రవ్వినప్పుడు గుడారపు గుడి ఒకదాని శిథిలములలో చిన్న రాగి పాము ఒకటి దొరికినది. జానెడుకంటె తక్కువ పొడవు, తలకు బంగారు పూత. అది మోషే చేసినదని ఎవరును అనరు, నేనును అనను. ఆ ఎడారిలో ఆ కాలమునకు అటువంటి పనితనము ఉండెనని మాత్రము దానివలన తెలియును. ఇటలీ దేశమందలి మిలాను పట్టణములో పరిశుద్ధ అంబ్రోసు గారి దేవాలయమందు స్తంభముమీద ఇత్తడి సర్పము ఒకటి నేటికిని ఉన్నది, అది మోషే సర్పమే అని ఒకప్పుడు జనులు చెప్పుకొనిరి. హిజ్కియా ముక్కలు చేసినను మనుష్యులు దానిని విడువలేదు చూడుడి.

మోషే దినములనుండి హిజ్కియా దినములవరకు అయిదారు వందల సంవత్సరములు. ఈ మధ్యలో ఏ దినమున ఎవరు మొదటి ధూపము వేసిరో గ్రంథములో లేదు. బహుశః అట్టి దినమే లేదేమో! ఒక తరమువారు దానిని చూచి తమ తాతలు బ్రదికిన సంగతి తలంచుకొని ఉందురు. తరువాతి తరమువారు దానిని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి దాచి ఉందురు. ఆ తరువాతివారు దాని ఎదుట నిలిచి ప్రార్థించి ఉందురు. ఆ పిమ్మట దానికే ప్రార్థించిరి. ప్రతి మెట్టును భక్తిగానే ఉన్నది. బంగారు దూడను రాత్రికి రాత్రి పోతపోసిరి. ఈ విగ్రహము మాత్రము కృతజ్ఞతలోనుండి మెల్లగా పెరిగినది. అందుచేతనే దీనిని కనుగొనుట కష్టము. గిద్యోను సంగతియు అట్టిదే. జయము పొందిన తరువాత 1,700 తులముల బంగారముతో ఏఫోదును చేయించి తన ఊరిలో ఉంచెను. అది అతనికిని అతని ఇంటివారికిని ఉరియాయెనని న్యాయాధిపతుల గ్రంథము చెప్పుచున్నది. అప్పుడు కూడ ఎవరును దేవుని విడిచితిమని అనుకొని ఉండరు.

ఆ సర్పమునకు నెహుష్టాను అను పేరు. వేదాంత కళాశాలలో హెబ్రీ భాష నేర్పిన మా అయ్యగారు ఈ మాట దగ్గర తరగతిని చాల సేపు నిలిపిరి. హెబ్రీలో నాహాషు అనగా పాము, నెహోషెతు అనగా రాగి లేక ఇత్తడి. రెండును కలిసి ధ్వనించు పేరు అది. ఆ పేరు పెట్టినది ఎవరు? మన తెలుగు బైబిలు ప్రకారము జనులే ముద్దుగా పెట్టుకొనిరి. మూలమును మరియొక విధముగా కూడ చదువవచ్చును, హిజ్కియాయే దానికి ఆ పేరు పెట్టెనని. అప్పుడు ఆ మాటకు "ఇది ఇత్తడి ముక్క" అని అర్థము వచ్చును. నాకు రెండవదే ఇష్టము. అయితే మొదటిది నిజమైనయెడల అది మరింత భయంకరము. పేరు పెట్టుకొన్న వస్తువును విరుగగొట్టుట పెంచుకొన్న కోడిని కోయుటవంటిది, చేయి రాదు.

మా నాయనమ్మ సంగతి ఒకటి చెప్పెదను. ఆమె చిన్నతనమున బాప్తిస్మము పొందిన దినముననే మెడలోని తాయెత్తు త్రెంచి చెరువులో వేసెనట. ఊరిలో అందరు భయపడిరట, ఈ పిల్ల బ్రదుకదని. ఆమె ఎనుబది దాటి బ్రదికినది. నేను కళాశాలనుండి క్రొత్తగా వచ్చినప్పుడు చూచితిని గదా, ఆమె బైబిలు గ్రంథమును దిండు క్రింద పెట్టుకొని నిద్రించుచున్నది. ఆమెకు చదువు రాదు. "నాయనమ్మా, తాయెత్తు పారవేసి దీనిని తాయెత్తు చేసికొంటివా?" అని మందలించితిని. ఆమె నవ్వి, "చదవడం రానిదాన్ని. పొద్దున నీ తమ్ముడు చదివి పెడతాడు, రాత్రికి అదే తలుచుకుంటా పడుకుంటా. దగ్గరుంటే తలపుకొస్తదిరా" అన్నది. తప్పు నాది. ఆమె ఆ మాటను హత్తుకొని నిద్రించుచున్నది, నేను దానిమీద పరీక్షలు వ్రాసి మార్కులు తెచ్చుకొని వచ్చినవాడను. ఒకే వస్తువు ఒకరికి జ్ఞాపకార్థము, మరియొకరికి తాయెత్తు. పైకి చూచి చెప్పుటకు వీలులేదు.

మరి దేనిని చూచి చెప్పవలెను? డిసెంబరు 31 రాత్రి ఆరాధన తరువాత మన గుడులలో వాగ్దానపు కార్డులు పంచెదము. పళ్లెములో చేయి పెట్టి ఒకటి తీసికొనవలెను. ఒక సంవత్సరము ఒక సహోదరుడు తీసికొన్న కార్డులో శ్రమను సహించుటనుగూర్చిన వచనము వచ్చినది. ఆయన దానిని మరల పళ్లెములో వేసి, "ఇంకొకటి తీస్తాను అయ్యగారూ" అన్నాడు. రెండవదియు నచ్చలేదు. మూడవదానిలో ఆశీర్వాదము వచ్చినది, సంతోషముతో జేబులో పెట్టుకొని పోయెను. నేను ఏమియు అనలేదు, నా వెనుక వరుస పెద్దదిగా ఉన్నది, చలిగా ఉన్నది. ఇంటికి వచ్చిన తరువాత తలంచుకొంటిని, మనము మరల పళ్లెములో వేయగలిగిన దేవుడు దేవుడేనా అని. మనకు నచ్చినది చెప్పువరకు త్రిప్పి త్రిప్పి అడుగవచ్చును గనుకనే మనుష్యులకు విగ్రహము ఇష్టము. జీవముగల దేవుడు మనకు నచ్చనిదియు చెప్పును, చెప్పి అక్కడనే నిలుచును.

ఈ మూడు దినములును మన గతమును జ్ఞాపకము చేసికొనుచున్నాము. అది మంచిదే, ధర్మశాస్త్రములో జ్ఞాపకము చేసికొనుమను ఆజ్ఞ ఎన్నిమారులో ఉన్నది. నిన్న ప్రదర్శనశాలలో పాత ఫొటోలు, రిజిష్టర్లు, మిషనరీ దొరగారి కుర్చీ పెట్టిరి. కొందరు వృద్ధులు ఆ కుర్చీని తాకి చేతులు కన్నులకద్దుకొనుట చూచితిని. ఆ కన్నీళ్లు నిజమైనవి. వారిని తప్పుపట్టుటకు నాకు మనస్సు రాదు. కాని ఆ కుర్చీలో కూర్చున్నవారు వేసవిలో ఎడ్లబండిమీద పల్లె పల్లె తిరిగిరి. ఆ పల్లెలలో కొన్నింటికి మనము ఇప్పుడు కారులో కూడ సంవత్సరమునకొకసారి పోవుటలేదు. బండి తిరిగిన దారి మరచి కుర్చీని కన్నులకద్దుకొన్నయెడల అది ధూపమే గదా.

మెదక్ గుడిని చూచి మనమందరము గర్వించెదము. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను, 2024లో నూరేండ్లు నిండెను. పోస్నెట్ దొరగారు ఆ పని చేయించినది కరవు కాలమందు. ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి గింజలు ఇచ్చుటకు ఆ గోడలు లేచెను. ఆ రాళ్లలో మన పెద్దల అన్నము ఉన్నది. అందుకే ఆ గోపురము ఎత్తునుగూర్చి చెప్పినంత గట్టిగా ఆ గింజలనుగూర్చి కూడ చెప్పవలెను. అట్లే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలువారు, ప్రెస్బిటేరియనులు తమ తమ పేర్లను, తాము ఎంతో ప్రేమించిన పద్ధతులను కొన్నింటిని క్రింద పెట్టిరి. బిషప్పులులేని సంఘములవారు బిషప్పును అంగీకరించిరి. బిషప్పులుగలవారు, బిషప్పు చేతులుంచని గురువులను తోటి గురువులుగా చేర్చుకొనిరి. ఆ ఐక్యతకై పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1న నిద్రించిరి, ఆ దినమును చూడలేదు. వారు క్రింద పెట్టినవి చెడ్డవి కావు. అవియు వారి మోషేలు చేసినవే.

హిజ్కియాను మరల చూడుడి. ఇత్తడి సర్పమును విరుగగొట్టిన మాట వెంటనే ఆయన యెహోవాను హత్తుకొనెనని వ్రాయబడినది. హెబ్రీలో ఆ మాట దాబఖు. పురుషుడు తన భార్యను హత్తుకొనునని ఆదికాండము రెండవ అధ్యాయములో ఉన్నది అదే మాట. రూతు తన అత్తను హత్తుకొనినప్పుడు వాడినది అదే మాట. నమ్మకత్వము అనగా జాబితా పట్టుకొని ఇది విగ్రహము, అది కాదు అని టిక్కు పెట్టుకొనుట అని చాల కాలము అనుకొంటిని. ఇది కాపురమువంటిది. పొరుగింటి స్త్రీలవైపు చూడననుటతోనే కాపురము నిలువదు, భార్యతో మాటలాడవలెను. ప్రవక్తలు విగ్రహారాధనను వ్యభిచారము అని పిలుచుటలోని బాధ ఇదే.

అంతటి హిజ్కియా తరువాత ఏమి చేసెను? అష్షూరు రాజైన సన్హెరీబు మీదికి వచ్చినప్పుడు 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారము కప్పముగా ఇచ్చుటకు తానే దేవాలయపు తలుపులకు పొదిగించిన బంగారమును తీయించెను. రోగమునుండి బ్రదికిన తరువాత బబులోను రాయబారులు రాగా ఇంటిలో ఉన్నదంతయు, కొట్టులో ఉన్నదంతయు చూపించెను. సర్పమును విరుగగొట్టిన చేయి పెట్టెమూతలు తెరచి చూపించుచున్నది! ఆయన కుమారుడైన మనష్షే తండ్రి పడగొట్టిన ఉన్నత స్థలములను మరల కట్టించెను. ఎంత కాలము పట్టినది? ఒక్క తరము. మన నూరేండ్లలో తరములు నాలుగో అయిదో. ఈ లెక్క నాకు నిద్ర పట్టనీయదు.

రాజులను విమర్శించి కూర్చుండుట గురువునకు సులువు. ఇక నా సంగతి చెప్పక తప్పదు.

నేను గురువుగా అభిషేకము పొంది మూడవ సంవత్సరమున కాలువ క్రింద ఒక గ్రామములో ఉంటిని. ఊరి పేరు చెప్పను. ఆ గుడికి మిషనరీల కాలమున ఓడమీద వచ్చిన కంచు గంట ఉన్నది. దాని మ్రోత మూడు ఊళ్లకు వినబడును. స్టేషనునుండి దానిని బండిమీద తెచ్చినవాని మనుమలు గంట గది తాళపు చెవి తమ ఇంట ఉండవలెననిరి. ఎన్నికలలో గెలిచిన రెండవ పక్షమువారు అది సంఘపు కమిటీ వద్ద ఉండవలెననిరి. మాటలు పెరిగెను, చేతులు లేచెను, ఒకరి కాగితము మరియొకరిమీద కచేరికి పోయెను. గంట ఒక పక్షముది, తాడు ఒక పక్షముది అన్నట్లు ఆయెను. ఆదివారమున రెండు పక్షములును గుడికి వచ్చిరి, అదియొక వింత. కుడివైపు వారు కుడి, ఎడమవైపు వారు ఎడమ.

వర్షాకాలమున ఒక బీద వృద్ధురాలు చనిపోయెను. ఏ పక్షమునకును చెందినది కాదు. ఎవరైనను చనిపోయినయెడల వారి వయస్సు ఎంతో అన్ని దెబ్బలు గంట కొట్టుట ఆ ఊరి వాడుక. పాడె సిద్ధమాయెను. అవతలివారు తాడు ముట్టుకొననియెడల తాళము తీసెదమని ఒకరు, తాళము మా చేతికి ఇచ్చినగాని రాము అని ఒకరు. నేను వేపచెట్టు క్రింద నిలిచి ఇటు ఒక మనిషిని, అటు ఒక మనిషిని పంపుచుంటిని. ఉదయము పది గంటలకు మొదలుపెట్టినది సాయంకాలము అయిదయ్యెను. వాన. శవముమీద ప్లాస్టికు పట్టా కప్పిరి.

అప్పుడు ఆ వృద్ధురాలి కుమార్తె నా వద్దకు వచ్చినది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినది. "అయ్యగారూ, మా అమ్మను పిలిచింది గంటా, దేవుడా?" అన్నది.

నా వద్ద జవాబు లేదు. జవాబు తెలియక కాదు. గంట లేకుండనే లేవనెత్తుడి అని పది గంటలకే చెప్పవలసినవాడను నేనే. ఎందుకు చెప్పలేదు? అటు ఒక ముప్పది సంతకములు, ఇటు ఒక ముప్పది సంతకములు ఉన్నవి. ఎవరికి కోపము వచ్చినను కార్యాలయమునకు అర్జీ పోవును, సంవత్సరము మధ్యలో బదిలీ వచ్చును, పిల్లవానిని అప్పుడే బడిలో వేసితిమి. ఆ ఏడు గంటలసేపు నేను గంట ఎదుట నిలువలేదు సహోదరులారా, నా కుర్చీ ఎదుట నిలిచితిని. వారి నెహుష్టాను గూటిలో ఉన్నది, నాది నా అంగీ లోపల ఉన్నది. ఇరువురిలో ఎవరు ఎక్కువ ధూపము వేసిరో ప్రభువునకే తెలియును.

దీపములు పెట్టు వేళకు గంట లేకుండ పాడె లేచెను. నలుగురు మోయుటకు ముగ్గురే ముందుకు వచ్చిరి, నాలుగవ కొమ్ము నేను పట్టితిని. అది నా భక్తి అని అనుకొనకుడి, సిగ్గు. కొంత దూరము పోగా వెనుక అడుగుల చప్పుడు వినబడెను. కుడివైపువారు కొందరు, ఎడమవైపువారు కొందరు బురదలో వచ్చుచుండిరి. అందరును రాలేదు. తాళపు చెవి తగవు ఆ తరువాత రెండు సంవత్సరములు సాగెను, నేను ఉండగా తీరలేదు.

అర్జీ మాత్రము పోయెను. రెండు పక్షములవారును వ్రాసిరి. బదిలీయు వచ్చెను.

ఆ తరువాతి ఆదివారము సంగతి ఒకటి మిగిలినది. మన స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడెల్ల దేవునికని పిడికెడు బియ్యము వేరుగా తీసి ఉంచుట మీకందరికి తెలిసినదే. కానుకల వేళ ఆ వృద్ధురాలి కుమార్తె లేచి వచ్చి పాత రేకు డబ్బా ఒకటి బల్ల ప్రక్కన పెట్టినది. అది తల్లి డబ్బా. సగమే నిండి ఉన్నది. "అమ్మ శనివారం దాకా వేసింది అయ్యగారూ. అక్కడి నుంచి నేను వేస్తున్నాను" అని మెల్లగా చెప్పి, మధ్య నడవలో, ఏ వైపును కాక, తల్లి కూర్చుండు చోటనే చాపమీద కూర్చుండెను. ఆ దినమున గంట మ్రోగలేదు. ఆరాధన తొమ్మిదిన్నరకే మొదలాయెను.